పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి పిల్లలు భయపడుతుంటే ఏం చేయాలి

“అన్నం తినకపోతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి సూది వేయిస్తాను.” ఈ మాట వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్ళలో చాలా అరుదు. అన్నం దగ్గర, స్నానం దగ్గర, నిద్ర దగ్గర రెండేళ్ళ వయసు నుంచి ఇదే మాట చెప్పి, తీరా పన్ను పుచ్చి నొప్పి వచ్చిన రోజున అదే డాక్టరు దగ్గరకు ఎత్తుకుపోయి, “డాక్టర్ గారు చాలా మంచివారు, ఏమీ చెయ్యరు, నోరు తెరువు నాన్నా” అని బతిమాలుతాము. ఈ రెండింటిలో ఏది నమ్మాలో నాలుగేళ్ళ పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? వాడు మొదటిదే నమ్ముతాడు, ఎందుకంటే దానినే ఎక్కువసార్లు విన్నాడు.

ఈ సంగతి నాకు మా ఇంట్లోనే తెలిసి వచ్చింది. మా అబ్బాయికి నాలుగేళ్ళు నిండిన కొత్తలో కింది దవడ పన్ను పుచ్చి రాత్రంతా వాడికీ మాకూ నిద్ర లేకుండా చేసింది. తెల్లవారాక, బీచికి వెళ్దామని చెప్పి స్కూటరు ఎక్కించి, సముద్రం వైపు తిరగకుండా నేరుగా ఒక దంత వైద్యశాల ముందు ఆపాను. లోపల ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకరు కాళ్ళు పట్టుకున్నారు, నేను తల పట్టుకున్నాను. పావుగంటలో పని అయిపోయింది, నొప్పీ తగ్గింది. కాని ఆ తరువాత ఏడాది పైగా వాడు పళ్ళు తోమించుకోవడానికి కూడా పెదవులు బిగించేవాడు. జుట్టు కత్తిరించే షాపులో పైకి లేచే కుర్చీని చూసినా ఏడ్చేవాడు. నిజంగానే బీచికి బయలుదేరిన రోజున కూడా ఆ మలుపు దాటేదాకా వెనుక నుంచి నా చొక్కా గట్టిగా పట్టుకుని, “నిజంగా బీచికేనా నాన్నా?” అని అడిగేవాడు. సూది వాడిని ఎంత భయపెట్టిందో నేను చెప్పిన అబద్ధం అంతకంటే ఎక్కువ భయపెట్టింది. దానిని సరిచేయడానికి మాకు సుమారు రెండు నెలలు పట్టింది. పిల్లల దంత వైద్యురాలు ఒకరు ఆ రెండు నెలల్లో మాకు ఓపికగా నేర్పిన పద్ధతులను, వాటిని ఇంట్లో ఆచరించినప్పుడు మాకు అర్థమైన విషయాలను విశాఖలోని తల్లిదండ్రులకు పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

నొప్పి లేని రోజున మొదలుపెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే కాబట్టి ముందుగా చెబుతున్నాను. పిల్లలు పళ్ళ డాక్టరును మొదటిసారి చూసే రోజున వారి నోట్లో ఏ నొప్పీ ఉండకూడదు. మనం సాధారణంగా దీనికి పూర్తిగా విరుద్ధంగా చేస్తాము. “పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి” అని ఊరుకుంటాము. ముందు పళ్ళ విషయంలో ఆరేడేళ్ళకు ఆ మాట నిజమవుతుంది గాని, వెనుక ఉండే పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ వయసు వరకు నోట్లో ఉండవలసినవి. అవి మూడో ఏట పుచ్చితే ఏడెనిమిదేళ్ళ పాటు ఆ పిప్పి పన్నుతోనే పిల్లలు నమలాలి. అలా నానబెట్టి నానబెట్టి, బుగ్గ వాచి, పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు తీసుకెళ్తే డాక్టరు వెంటనే సూది పట్టుకోక తప్పదు. ఆ పిల్లవాడి మనసులో కుర్చీ, తెల్లకోటు, మందు వాసన, నొప్పి అన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి.

మొదటి పన్ను సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో, అంటే మనం అన్నప్రాసన చేసుకునే రోజులకు అటూ ఇటూగా మొలుస్తుంది. రెండున్నర నుంచి మూడేళ్ళ లోపు 20 పాలపళ్ళూ వచ్చేస్తాయి. మొదటి పన్ను వచ్చిన ఆరు నెలల లోపల, ఎంత ఆలస్యమైనా మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి దంత వైద్యులకు చూపించాలని పిల్లల దంత వైద్య నిపుణులు చెబుతారు. ఏడాది పిల్లకు పళ్ళ డాక్టరు ఎందుకని ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వవచ్చు. ఆ వయసులో పరీక్ష రెండు మూడు నిమిషాలలో అయిపోతుంది. తల్లి, డాక్టరు ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చుంటారు, బిడ్డ తల డాక్టరు ఒడిలోను, కాళ్ళు తల్లి నడుముకు అటూ ఇటూ ఉంటాయి. పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లాల పోసే అలవాటు ఉన్న మన ఇళ్ళలో ఇది కొత్త విద్యేమీ కాదు, బిడ్డకు కూడా అమ్మ ముఖం కనిపిస్తూనే ఉంటుంది.

ఆ వయసు దాటిపోయిన పిల్లల విషయంలో చింతించవలసిన పని లేదు. ఐదేళ్ళవారైనా, ఎనిమిదేళ్ళవారైనా నొప్పి లేని ఒక రోజు చూసి, చికిత్స ఏదీ పెట్టుకోకుండా, కేవలం ఆసుపత్రి చూసి రావడానికి తీసుకెళ్ళండి. కుర్చీ ఎక్కి దిగడం, పళ్ళు లెక్కపెట్టించుకోవడం, డాక్టరుకు పేరు చెప్పడం, ఇంతే ఆ రోజు పని. ఆరో ఏట పాలపళ్ళ వెనుక కొత్తగా శాశ్వత దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దానిని గమనించరు. ఆ పన్ను వచ్చిందో లేదో చూపించుకోవడం ఆ వయసు పిల్లలను తీసుకెళ్ళడానికి మంచి సందర్భం, అందులో అబద్ధమూ లేదు.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి

బి.డి.ఎస్. అనే దంత వైద్య డిగ్రీ తరువాత మూడేళ్ళు పిల్లల దంత వైద్యంలోనే ఎం.డి.ఎస్. అనే పై చదువు చేసినవారిని పీడోడాంటిస్ట్ అంటారు. పన్ను పని నేర్చుకున్నట్లే భయపడే పిల్లలతో మెలగడం కూడా వారు చదువులో భాగంగా నేర్చుకుంటారు. అందువల్ల మీ పిల్లలకు ఇదివరకే భయం పట్టుకుని ఉంటే వీలైనంత వరకు వారినే వెతకండి. ద్వారకానగర్, సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ, గాజువాక వంటి చోట్ల దంత వైద్యశాలలకు కొదవ లేదు, కాని బోర్డు మీద బొమ్మలు ఉన్నంత మాత్రాన అది పిల్లల వైద్యశాల కాదు, డాక్టరు పేరు కింద ఉన్న చదువును చూడండి. రుషికొండలోని గీతం దంత వైద్య కళాశాలలోను, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాలలోను పిల్లల విభాగాలు ఉన్నాయి. కళాశాల ఆసుపత్రుల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పని చేస్తారు కాబట్టి ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ. నెమ్మదిగా అలవాటు పడవలసిన పిల్లలకు ఆ తీరుబడి మేలు చేస్తుంది గాని, ఎక్కువసేపు కూర్చోలేని మూడేళ్ళవారికి అది కష్టమే. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు ఎండలో బస్సు మారి వచ్చిన పిల్ల కుర్చీ ఎక్కేలోపే అలసిపోతుంది. భయం తక్కువగా ఉన్న పిల్లలకైతే ఇంటి దగ్గరలోని ఓపికగల డాక్టరు చాలు.

వెళ్ళే ముందు తప్పకుండా ఫోను చేయండి. “మా పాపకు నాలుగేళ్ళు, భయపడుతుంది, మొదటి రోజు ఏ చికిత్సా లేకుండా పళ్ళు లెక్కపెట్టి పంపగలరా? నేను పక్కన ఉండవచ్చా?” అని అడగండి. ఆ జవాబులోనే మీకు చాలా తెలుస్తుంది. “తీసుకురండి, ఎంత భయపడినా మేము పట్టుకుని చేసేస్తాములెండి” అని చెప్పేవారికంటే, “పాప పేరేమిటి? ఏ బొమ్మ అంటే ఇష్టం?” అని అడిగేవారి దగ్గరకు వెళ్ళండి. నేను మొదటిసారి ఈ ఫోను చేసి ఉంటే మాకు ఆ ఏడాది తప్పేది.

ఇంట్లో చేయవలసిన సాధన

అసలు పని ఇక్కడ ఉంది. ముందుగా ఇంట్లో అందరూ, తాతయ్య, అమ్మమ్మ, నాన్నమ్మ, పనికి వచ్చే ఆవిడతో సహా, సూది పేరు చెప్పి బెదిరించడం ఆ రోజు నుంచి మానుకోవాలి. పెద్దవారికి ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. మా అమ్మకు నేను చెప్పినప్పుడు, “నిన్నూ అలాగే పెంచాను, నీకేమైంది?” అంది. “నాకు ముప్పై ఐదేళ్ళు వచ్చినా పన్ను నొప్పి భరించలేనంత అయ్యేదాకా డాక్టరు దగ్గరకు వెళ్ళను కదా అమ్మా” అన్నాను. ఆమె ఇంక ఆ మాట వాడలేదు. పిల్లలు వింటుండగా మన రూట్ కెనాల్ కథలు, పన్ను పీకించుకున్న రోజుల కథలు ఫోనులో చెప్పుకోవడం కూడా మానాలి. బొమ్మలు సర్దుకుంటున్న పిల్ల వినడం లేదని మనం అనుకుంటాము, కాని ఆ పిల్ల ఒక్క మాట కూడా వదిలిపెట్టదు.

తరువాత నోరు తెరవడం నేర్పాలి. దీనికి మన అచ్చులు చక్కగా పనికొస్తాయి. “ఈ” అన్నప్పుడు పెదవులు రెండు వైపులకు సాగి ముందు పళ్ళన్నీ కనిపిస్తాయి, “ఆ” అన్నప్పుడు దవడ కిందికి దిగి వెనుక పళ్ళు కనిపిస్తాయి. రాత్రి పళ్ళు తోమేటప్పుడు అద్దం ముందు నిలబెట్టి, “ఈ” అని ఐదు లెక్కపెట్టేదాకా, “ఆ” అని పది లెక్కపెట్టేదాకా ఉంచమనండి. నాలుగైదు రోజుల్లో అది ఆటగా మారుతుంది. ఆసుపత్రిలో డాక్టర్ గారు “ఆ అను” అన్నప్పుడు పిల్లలకు అది తమకు వచ్చిన పాఠంలా వినిపిస్తుంది.

మూడో రోజో నాలుగో రోజో డాక్టరు ఆట మొదలుపెట్టండి. మొదట పిల్లలే డాక్టర్లు కావాలి, మనం రోగులం కావాలి. ఈ వరుస మార్చకండి. మా ఇంట్లో చాప మీద నేను వెల్లకిలా పడుకుంటే మా అబ్బాయి నా తల వెనుక కూర్చుని, ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో చిన్న స్టీలు చెంచా పట్టుకుని నా పళ్ళు లెక్కపెట్టేవాడు. మొదటి రోజు చెంచా నా పంటికి తగిలి టక్కుమని చప్పుడైతే వాడే వెనక్కి జరిగి, “నొప్పేసిందా?” అని అడిగాడు. “లేదు, చల్లగా ఉంది, అంతే” అన్నాను. వాడు ఆ చెంచాను తన నాలుక మీద పెట్టుకుని కాసేపు చూశాడు. “అవును, చల్లగా ఉంది” అన్నాడు. ఏడాదిలో లోహపు వస్తువు ఒకటి వాడు తనంతట తాను నోట్లో పెట్టుకోవడం అదే మొదలు. మరునాడు, “ఇప్పుడు నాకు” అని తానే పడుకున్నాడు. ఆ “ఇప్పుడు నాకు” అనే మాట వాళ్ళ నోట వచ్చేదాకా ఆగాలి. మూడు రోజులు పట్టినా, పది రోజులు పట్టినా తొందరపెట్టకూడదు.

ఆ ఆటలోకి ఒక్కొక్క కొత్త వస్తువును తీసుకురండి. ఒకరోజు మాస్కు పెట్టుకుని, “నేను నవ్వుతున్నానో లేదో కళ్ళు చూసి చెప్పు” అనండి. ఒకరోజు చేతి తొడుగులు వేసుకుని బుగ్గలు నిమరండి. దంత వైద్యుల చేతిలో ఉండే చిన్న గుండ్రని అద్దం గురించి చెప్పడానికి మన ఊరి పిల్లలకు మంచి పోలిక ఉంది. ఆర్.కె. బీచిలో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూసిన పిల్లలకు పెరిస్కోపు అంటే ఏమిటో తెలుసు, నీళ్ళ కింద ఉండి నీళ్ళ పైన ఏముందో అద్దాలతో చూడటం. పంటి వెనుక దాక్కున్న చోటును ఈ అద్దం అలాగే చూపిస్తుందని చెబితే వాళ్ళకు భయం కంటే కుతూహలం ఎక్కువవుతుంది.

చప్పుళ్ళ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆసుపత్రిలో నొప్పి కంటే ముందు పిల్లలను తాకేది చప్పుడే. ఉమ్మిని లాగే గొట్టం చేసే శబ్దం, బీచి రోడ్డులో కొబ్బరిబోండాం తాగేటప్పుడు ఆఖరి గుక్క స్ట్రాతో లాగితే వచ్చే గుర్రుమనే శబ్దంలా ఉంటుంది. ఒక సాయంత్రం బోండాం తాగిస్తూ ఆ చప్పుడు వినిపించండి, అలాంటిదే ఆసుపత్రిలో ఉంటుందని చెప్పండి. పుచ్చును తొలిచే యంత్రం నిమిషానికి 3 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది కాబట్టి సన్నగా, ఈలలా కూస్తుంది, అది వేడెక్కకుండా కొసనుంచి నీళ్ళు చిమ్ముతుంటాయి. వంటింట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడు, “దీనికంటే సన్నని చప్పుడు, దానితోపాటు నోట్లో వాన” అని చెప్పి ఉంచవచ్చు. కుర్చీ వెనక్కి వాలడం కొందరు పిల్లలకు పెద్ద భయం. కైలాసగిరి రోప్‌వే ఎక్కిన పిల్లలకు, పెట్టె నెమ్మదిగా కదిలినట్లే కుర్చీ కూడా నెమ్మదిగా కదులుతుందని గుర్తు చేయండి.

ఏ మాటలు వాడాలి, ఏవి వాడకూడదు

“నొప్పి ఉండదు” అని చెప్పకండి. అప్పటిదాకా నొప్పి గురించి ఆలోచించని పిల్ల కూడా ఆ మాటతో ఆలోచించడం మొదలుపెడుతుంది, పైగా నొప్పి కలిగితే మీ మాట మీద నమ్మకం పోతుంది. “భయపడకు” అన్నా అంతే. వాటి బదులు ఏం జరుగుతుందో చెప్పండి. “డాక్టరమ్మ గారు దీపం వేస్తారు, అద్దంతో నీ పళ్ళు చూస్తారు, లెక్కపెడతారు, నేను నీ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంటాను.” ఇంత చాలు. “మగపిల్లాడివి, ఏడుస్తావా?”, “చెల్లి చూడు ఎంత బాగా కూర్చుందో” వంటి మాటలు సిగ్గును పెంచుతాయి, భయాన్ని లోపలికి నెడతాయి.

పిల్లలు సూటిగా, “సూది వేస్తారా?” అని అడుగుతారు. ఇక్కడే చాలామందిమి తప్పు చేస్తాము. చికిత్స ఏదీ లేదని ముందే డాక్టరుతో మాట్లాడుకుని ఉంటే, “ఈ రోజు వెయ్యరు” అని ధైర్యంగా చెప్పవచ్చు. వేయవలసి ఉంటే లేదా మీకు తెలియకపోతే, “అవసరమైతే వేస్తారు. ముందు చిగురు మీద తియ్యని జెల్ రాస్తారు, అది మొద్దుబారాక మందు వేస్తారు, అప్పుడు చిన్నగా గిల్లినట్లు ఉంటుంది, నేను పదిదాకా లెక్కపెడతాను” అని చెప్పండి. ఆ మాట విని పిల్ల ఏడ్చినా సరే, ఆ ఏడుపు ఇంట్లో మీ ఒడిలో ఏడ్చే ఏడుపు. మోసపోయానని ఆసుపత్రిలో ఏడ్చే ఏడుపుతో పోలిస్తే దానిని ఓదార్చడం ఎంతో సులువు.

ఎంత ముందుగా చెప్పాలన్నది వయసును బట్టి ఉంటుంది. మూడు నాలుగేళ్ళవారికి ముందు రోజు సాయంత్రం గాని, ఆ రోజు ఉదయం గాని చెబితే చాలు, వారం ముందు చెబితే వారమంతా బెంగ పెట్టుకుంటారు. ఆరు దాటినవారికి రెండు మూడు రోజుల ముందు చెప్పి, వాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెప్పండి. పదేళ్ళు దాటినవారి భయం తరచు సిగ్గు రూపంలో ఉంటుంది. పళ్ళు పుచ్చాయని, సరిగా తోమడం లేదని అందరి ముందు తిడతారేమోనని వాళ్ళు వెనకాడుతారు. వారిని డాక్టరుతో నేరుగా మాట్లాడనివ్వండి, వాళ్ళ తరపున మీరు జవాబులు చెప్పకండి.

వెళ్ళే రోజు

మన ఊళ్ళో చాలా దంత వైద్యశాలలు సాయంత్రం ఐదు తరువాత కిటకిటలాడతాయి. బడి నుంచి వచ్చి, ట్యూషను ముగించుకుని, ఎనిమిదింటికి వంతు వచ్చిన పిల్లల దగ్గర ఓపిక ఏమీ మిగలదు. శనివారమో, సెలవు రోజో ఉదయం పూట, నిద్ర తీరి, ఇడ్లీ వంటి తేలికైన టిఫిను తిన్న గంట తరువాత ఉండేలా సమయం తీసుకోండి, అది కుదరకపోతే సాయంత్రం మొట్టమొదటి వంతు అడగండి. మత్తు ఇచ్చే చికిత్స అయితే మాత్రం తిండి విషయంలో డాక్టరు చెప్పిన నియమమే పాటించాలి. ఎండాకాలంలో మన ఉక్కపోతకు పిల్లలు త్వరగా చికాకు పడతారు కాబట్టి పలుచని నూలు బట్టలు వేసి, పది నిమిషాలు ముందుగా మాత్రమే చేరండి. అరగంట ముందు వెళ్ళి, లోపలి ఏడుపులు వింటూ కూర్చోబెట్టడం మంచిది కాదు.

వెంట ఒకరు, మహా అయితే ఇద్దరు వెళ్ళాలి. మన ఇళ్ళలో పిల్లవాడికి పన్ను చూపిస్తున్నారంటే పిన్ని, మావయ్య, తాతయ్య అందరూ బయలుదేరతారు, అందరూ ఒకేసారి ధైర్యం చెబుతారు. ఆ గోలలో పిల్లలకు డాక్టరు గొంతు వినపడదు. తల్లిదండ్రుల్లో ఎవరికి పళ్ళ డాక్టరు అంటే భయమో వారు ఇంటి దగ్గర ఉండి, భయం లేనివారు వెళ్ళడం మేలు. నాన్నకు భయమైతే తాతయ్యను పంపడంలో తప్పేమీ లేదు. మన అరచేతుల చెమటను పిల్లలు చెయ్యి పట్టుకోగానే గ్రహిస్తారు.

లోపలికి వెళ్ళాక మాట్లాడవలసినది డాక్టరు ఒక్కరే. మీరు పిల్లల కాలి మీదో, మోకాలి మీదో చెయ్యి వేసి నిశ్శబ్దంగా కూర్చోండి. పిల్లల దంత వైద్యులు సాధారణంగా ఏ పనినైనా ముందు మాటల్లో చెప్పి, తరువాత ఆ పరికరాన్ని వేలి గోటి మీద చూపించి, ఆ తరువాతే నోట్లో చేస్తారు. 1959లో అడెల్‌స్టన్ అనే దంత వైద్యుడు వివరించిన ఈ పద్ధతిని నేటికీ దంత కళాశాలల్లో బోధిస్తారు. మీ డాక్టరు అలా చేయకుండా తొందరపడుతుంటే, “ముందు వాడి గోరు మీద చూపించగలరా డాక్టర్ గారూ?” అని మర్యాదగా అడగండి.

ఇంకొకటి మొదలుపెట్టే ముందే డాక్టరుతో కలిసి ఒప్పందం చేసుకోవాలి, అదే ఎడమ చెయ్యి ఎత్తడం. పిల్లలు చెయ్యి ఎత్తితే డాక్టరు ఆగాలి, ఆగి తీరాలి. మా అబ్బాయి మొదటి పది నిమిషాల్లో ఆరుసార్లు చెయ్యి ఎత్తాడు. ఆరుసార్లూ ఆమె పరికరాన్ని బయటకు తీసి, “చెప్పు నాన్నా” అంది. నాలుగుసార్లు వాడు చెప్పడానికి ఏమీ లేక ఊరికే చూశాడు. నిజంగా ఆగుతారా లేదా అని పరీక్ష చేశాడన్నమాట. ఏడోసారి ఎత్తలేదు.

మధ్యలో ఏడుపు వస్తే దానిని ఓటమిగా చూడకండి. ఏడుస్తూనే నోరు తెరిచి ఉంచే పిల్లలు ఎందరో ఉన్నారు. పని సగంలో ఆగిపోతే, చివరగా వాళ్ళు చేయగలిగిన చిన్న పని ఒకటి, అద్దంతో రెండు పళ్ళు లెక్కపెట్టించుకోవడం వంటిది, చేయించి దింపండి. ఏడుస్తూ పారిపోయిన రోజుగా మిగలకుండా ఏదో ఒకటి చేసి వచ్చిన రోజుగా అది వాళ్ళకు గుర్తుండాలి. మెచ్చుకునేటప్పుడు కూడా “గుడ్ బాయ్” అని పైపైన అనకుండా, “కుర్చీ వెనక్కి వాలినప్పుడు కదలకుండా ఉన్నావు, నేను చూశాను” అని జరిగినదానినే చెప్పండి. చాక్లెట్ ఇస్తానని ముందుగా ఆశ పెట్టకండి, లోపల ఏదో కష్టం ఉంది కాబట్టే లంచం ఇస్తున్నారని పిల్లలు అనుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు కాసేపు ఇసుకలో ఆడుకోనిస్తే అదే బహుమతి.

చికిత్స తప్పనిసరి అయితే

భయం ఎక్కువగా ఉన్న పిల్లలకు సూదీ తొలిచే యంత్రమూ లేకుండా చేయగల చికిత్సలు కొన్ని ఉన్నాయి, వాటి గురించి డాక్టరును అడగండి. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చు మీద పూస్తే అది ముదరకుండా ఆగుతుంది. పూసినచోట పుచ్చు శాశ్వతంగా నల్లబడుతుంది కాబట్టి ముందు పళ్ళకు ఒప్పుకునే ముందు ఆలోచించుకోవాలి. కొన్ని దవడ పళ్ళకు పుచ్చును తొలవకుండానే దాని మీద స్టీలు తొడుగును బిగించే హాల్ పద్ధతి ఉంది. ఇవి అన్ని పళ్ళకూ సరిపోవు, ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాలి. ఇంకా అవసరమైతే ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువును పీల్పిస్తారు. పిల్లలు మెలకువగానే ఉంటారు, మాట్లాడుతుంటారు, గాఢమైన ఆందోళన మాత్రం తగ్గుతుంది, మాస్కు తీసి ఆక్సిజన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో ఆ ప్రభావం పోతుంది. జలుబుతో ముక్కు దిబ్బడ వేసి ఉంటే ఇది పనిచేయదు. చాలా పళ్ళకు ఒకేసారి చికిత్స కావలసిన చిన్నపిల్లలకు ఆసుపత్రిలో, మత్తు డాక్టరు ఆధ్వర్యంలో పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. ఇవేవీ లేకుండా పట్టుకుని చేద్దామంటే, అది అత్యవసరం కానప్పుడు, “మరో రోజు వస్తాము” అని చెప్పే హక్కు మీకు ఉంది.

సూది వేసిన తరువాత రెండు మూడు గంటలు పెదవి, బుగ్గ మొద్దుబారి ఉంటాయి. ఆ సమయంలో పిల్లలు తెలియక పెదవి కొరుక్కుని పుండు చేసుకుంటారు. మరునాడు ఆ వాపు చూసి, డాక్టరే చేశారని భయపడతారు. స్పర్శ వచ్చేదాకా నమిలే తిండి పెట్టకుండా, పెదవి కొరకకుండా కనిపెట్టి ఉండండి. పన్ను తీసినట్లయితే దూది సుమారు అరగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి, ఒక రోజంతా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం కూడదు. కాబట్టి ఆ రోజుకు బోండాం వద్దు, నీళ్ళు గ్లాసులో పోసి ఇవ్వండి. రాత్రికి చల్లని మెత్తటి పెరుగన్నం సరిపోతుంది. తీసిన పాలపన్నును ఇంటికి ఇమ్మని అడగండి. పేడలో పెట్టి కప్పు మీదకు విసిరే పాత ఆచారం మీ ఇంట్లో ఇంకా ఉంటే అపార్ట్‌మెంటు మేడ మీదకు వెళ్ళి పిల్లలతోనే విసిరించండి, ఆ రోజు వాళ్ళకు ఇష్టమైన పద్ధతిలో ముగుస్తుంది.

కొన్ని సందర్భాల్లో భయం పోయేదాకా ఆగడానికి వీలుండదు. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, వాపు కంటి దాకా పాకినా వెంటనే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.)కో, దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రికో వెళ్ళాలి. ఆడుకుంటూ పడి శాశ్వత పన్ను ఊడి చేతికి వస్తే దాని వేరును ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని, పాలలో వేసి, వీలైతే అరగంట లోపు, ఎలా అయినా గంట లోపు దంత వైద్యుల దగ్గరకు చేర్చాలి. ఊడిన పాలపన్నును మాత్రం తిరిగి పెట్టే ప్రయత్నం చేయకూడదు. అటువంటి రోజున కూడా దారిలో నిజమే చెప్పండి, “దెబ్బ తగిలింది, డాక్టర్ గారు ఇప్పుడే బాగుచేయాలి, కొంచెం నొప్పి ఉంటుంది, నేను నిన్ను వదలను” అని.

ఆటిజం ఉన్న పిల్లలకు, వెలుతురును, చప్పుడును, స్పర్శను భరించలేని పిల్లలకు ఈ మెట్లన్నీ వర్తిస్తాయి గాని ప్రతి మెట్టు మీదా ఎక్కువ రోజులు ఉండాలి. మొదటి రోజు ఆసుపత్రి గుమ్మం దాకా, రెండో రోజు కుర్చీ దాకా వెళ్ళి వచ్చినా అది ముందడుగే. నల్లకళ్ళద్దాలు, చెవులకు హెడ్‌ఫోను, వాళ్ళకు అలవాటైన దుప్పటి వెంట తీసుకెళ్ళండి, రద్దీ లేని సమయం ఇమ్మని ముందుగా అడగండి.

చికిత్సలే తక్కువ పడితే భయానికి చోటే తక్కువ. మూడేళ్ళ లోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళవారికి బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో ఉదయం, రాత్రి పెద్దలే తోమాలి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మాన్పించాలి, పళ్ళకు అంటుకుపోయే బిస్కట్లు రోజంతా నములుతూ ఉండనివ్వకూడదు. సాధారణంగా ఆరు నెలలకు ఒకసారి చూపించుకోవాలి. తిరిగి వచ్చిన రోజునే తరువాతి తేదీని గోడ మీది కాలెండరులో పిల్లల చేతే గుర్తు పెట్టించండి. మా అబ్బాయి ఎర్ర పెన్సిలుతో అక్కడ ఒక పన్ను బొమ్మ గీశాడు. దాని పక్కన ఎడమ చెయ్యి ఒకటి పైకి ఎత్తి ఉంది.